తీసేసిన రెండు మార్కులు

స్కూలుకి వేసవి సెలవులిచ్చి వారమైనా ఉమామహేశ్వరికి ఐదింటికే మెలకువ వచ్చింది. బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల వెనక సందులో, నాలుగో అంతస్తు ఫ్లాటు. వంటింటి కిటికీ తెరవగానే క్రీక్ మీద అబ్రా పడవల మోటారు చప్పుడు, జూలై తేమ కలిసి లోపలికి వచ్చాయి. డికాక్షన్ దింపి రెండు గ్లాసుల్లో కాఫీ కలిపింది. ఒకటి తను తీసుకుని రెండోది బల్ల మీద పెట్టింది. భర్తని పిలవలేదు. రెండున్నరేళ్ళుగా ఆ ఇంట్లో పిలుపు లేదు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు విని దక్షిణామూర్తి వస్తాడు. చప్పుడు వినపడకపోతే చల్లారిన కాఫీ తాగుతాడు.

ఆ రోజు విన్నాడు. స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

"టాక్సీ తొమ్మిదింటికి వస్తుంది. పెద్ద పెట్టె తాళం నీ హ్యాండ్‌బ్యాగులో వేశాను."

"ఆ కాగితం?"

"వచ్చాక సంతకం పెడతానన్నాను కదా, ఉమా."

"నాలుగు నెలల నుంచీ అంటున్నారు. ఆఫీసులో ఎవరి కాగితమైనా మీ బల్ల మీద నాలుగు గంటలుండదట. మీ ముదీర్ గారే గొప్పగా చెప్పుకుంటారు."

మూర్తి కాఫీ తాగాడు.

ఆ కాగితం ఆమె వీసా రద్దు చేయమని పెట్టుకునే దరఖాస్తు. ఉమామహేశ్వరి ఇక్కడి ఇండియన్ స్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా సోషల్ చెబుతున్నా, ఆమె ఈ దేశంలో ఉన్నది భర్త వీసా మీద. అది రద్దు కావాలంటే భర్తే సంతకం పెట్టాలి. కాకినాడలో అక్క వాళ్ళ వీధిలో చిన్న వాటా చూసిపెట్టుకుంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. ఇరవై ఎనిమిదో తారీఖుకి టికెట్టు తీసుకుంది. వెళ్ళేది మళ్ళీ రావడానికి కాదని ఇద్దరికీ తెలుసు.

ఈ ప్రయాణం ఒక్కటే మధ్యలో వచ్చి పడింది. మూర్తి ఒక అరబ్బు కంపెనీలో వీసాల పని చూస్తాడు. పాతికేళ్ళ సర్వీసు నిండినందుకు ముదీర్, అంటే అక్కడి మేనేజరు, బంగారు నాణెం బదులు ఇద్దరికీ ఓడ ప్రయాణం ఇస్తానని, కేటలాగు ఇచ్చి నచ్చినది ఎంచుకోమన్నాడు. మూర్తి ఒక పేజీ మడిచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సైప్రస్‌లో లిమసోల్ దగ్గర ఎక్కడం, ఒక రోజు గ్రీసు దీవి కాస్, ఒక రోజు టర్కీ, నాలుగో రోజు మళ్ళీ గ్రీసులోనే రోడ్స్, ఐదో రోజు మళ్ళీ లిమసోల్. రోడ్స్ అన్న మాట దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది.

"వస్తాను. తిరిగి రాగానే సంతకం పెట్టాలి," అంది.

బయల్దేరే ముందు అబుదాబి నుంచి కూతురు నిఖిత ఫోన్ చేసింది. "అమ్మా, ఫోటోలు తియ్యండి. ఇద్దరూ కలిసున్నవి కనీసం ఒకటైనా."

"తీసేవాళ్ళెవరైనా ఉంటే చూద్దాంలే."

"తీసేవాళ్ళు ఓడ నిండా ఉంటారు. పక్కపక్కన నిలబడేవాళ్ళే కావాలి."

ఉమామహేశ్వరి ఫోన్ భర్తకిచ్చి పెట్టెల దగ్గరికి వెళ్ళిపోయింది.

*

కొడుకు ఆశిష్ ఏడో తరగతిలో తన తల్లి దగ్గరే సోషల్ చదివాడు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకదానికి నమూనా చెయ్యమని ఆమె పిల్లలందరికీ చెప్పింది. వాడు థర్మోకోల్‌తో రోడ్స్ రేవులోని కంచు విగ్రహం చేశాడు. రేవుకి రెండు వైపులా కాళ్ళు పెట్టి నిలబడ్డ మనిషి, కాళ్ళ మధ్య నుంచి వెళ్తున్న కాగితపు పడవ. క్లాసులో అంత బాగా ఎవరూ చెయ్యలేదు. ఆమె పదికి ఎనిమిది వేసింది. విగ్రహం అలా కాళ్ళు చాపి నిలబడలేదని, పుస్తకంలో ఉన్నది చదవాలని అందరి ముందూ చెప్పింది. సొంత కొడుకని మార్కులు వేసిందని ఎవరూ అనకూడదు.

ఇంటికొచ్చాక వాడు అడిగాడు. "అమ్మా, నువ్వు వెళ్ళి చూశావా?"

"పుస్తకంలో ఉందిరా."

"ఎప్పుడైనా మనం వెళ్దాం. నేను చేసిందే కరెక్టయితే ఆ రెండు మార్కులూ ఇవ్వాలి మరి."

"సరే, ఇస్తాను."

తర్వాత ఇల్లు సర్దుతూ, థర్మోకోల్ రాలి గది పాడవుతోందని ఆ బొమ్మని ఆమే పడేసింది. ఆశిష్ పంతొమ్మిదో ఏట, రెండు వేల ఐదు ఫిబ్రవరిలో, ఒక గురువారం సాయంత్రం ఖోర్ ఫక్కాన్ నుంచి ఇంటికి వస్తుండగా, మసాఫీ దగ్గర కొండ మలుపులో వాడు ఎక్కిన పికప్‌ని నీళ్ళ టాంకరు గుద్దింది. వాడు అక్కడే పోయాడు. ఖోర్ ఫక్కాన్ రేవులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమస్తాగా ఉండేవాడు. ఆ ఉద్యోగం మూర్తి పెట్టించాడు. ఇంటికి వచ్చిన బంధువులందరికీ అంతే తెలుసు. ఉమామహేశ్వరి కూడా అక్కడి నుంచే గుర్తు చేసుకునేది. అంతకు ముందు జరిగినదాని దాకా వెళ్ళేది కాదు.

*

ఓడలో భోజనాల బల్ల దగ్గర మొదటి రోజే అక్తర్ బీ పరిచయమైంది. నిజామాబాద్ మనిషి, అజ్మాన్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకూ కోడలూ పిల్లల్ని తీసుకుని ఈత కొలను దగ్గరే ఉంటే, తెలుగు మాట వినబడిందని తన పళ్ళెం తీసుకుని వీళ్ళ బల్లకి వచ్చేసింది.

"మీరు మొగుడు పెళ్ళాలేనా? నేను ఇద్దరు వేరే వేరే అనుకున్న. ఒక్క మాట లేదు, ముచ్చట లేదు. నా మొగుడుంటే ఈపాటికి రెండు సార్లు కొట్లాడుకునేవాళ్ళం," అంది నవ్వుతూ.

మూర్తి నవ్వాడు. ఉమామహేశ్వరి ఉప్పు అందుకుంది.

రెండో రోజు కాస్‌లో ఇద్దరూ కలిసి దిగారు. నాలుగు గంటలు ఆయన ముందు, ఆమె వెనక నడిచారు. మూడో రోజు టర్కీ. నాలుగో రోజు పొద్దున, ఓడ రోడ్స్ కోట గోడల పక్కనే ఆగింది. దిగడానికి కార్డులిచ్చే బల్ల దగ్గర ఉద్యోగిని ఇద్దరి పాస్‌పోర్టులూ తిరగేసి, మూర్తిది పక్కన పెట్టింది. ఈయన గ్రీసు వీసా ఒక్కసారి ప్రవేశానికేనని, కాస్‌లో దిగినప్పుడే అది వాడేశారని, మధ్యలో టర్కీ వెళ్ళొచ్చారు కాబట్టి మళ్ళీ దిగడానికి కుదరదని మర్యాదగా చెప్పింది. మేడమ్ వీసా ఎన్నిసార్లయినా చెల్లుతుందంది.

ఉమామహేశ్వరి భర్త వైపు తిరిగింది. ఓడ ఎక్కాక ఆయన ముఖం సూటిగా చూడటం అదే మొదటిసారి.

"ముదీర్ గారి వేట డేగకి కూడా పాస్‌పోర్టు తెచ్చిపెట్టిన మనిషి మీరు. పాతికేళ్ళలో ఒక్క ఫారం వెనక్కి రాలేదని చెప్పుకుంటారు. మీ సొంతానికి వచ్చేసరికి ఇదీ!"

"పోనీలే. నువ్వు వెళ్ళిరా."

"మనవాళ్ళ సంగతి వచ్చేసరికే మీ చెయ్యి తప్పుతుంది. అప్పుడూ అంతే."

'అప్పుడు' అంటే కొడుకుని ఖోర్ ఫక్కాన్ పంపినప్పుడని ఇద్దరికీ తెలుసు. మూర్తి తల వంచుకుని ఆమె కార్డు ఆమె చేతికిచ్చాడు. వెనక వరసలో ఉన్న అక్తర్ బీ ముందుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"రా టీచరమ్మా, నాతోని రా. నా కోడలు పిల్లల్ని లేపేసరికి మధ్యాహ్నమైతది."

గైడు ఒక గ్రీకు ముసలాయన, గొడుగు పైకెత్తి ముందు నడిచాడు. కోట గుమ్మం దాటితే గులకరాళ్ళు పరిచిన వీధులు. పూర్వం క్రైస్తవ యోధులు ఉన్న వీధి ఒకటి ఏటవాలుగా పైకి పోతోంది. రెండు పక్కలా రాతి భవనాలు, గుమ్మాల మీద చెక్కిన డాళ్ళు. మూలల్లో ఫిరంగి రాతి గుండ్లు పోగుపోసి ఉన్నాయి.

"యా అల్లా, ఇంతింత కోటలు కట్టిండ్రు, ఎక్కెటోళ్ళ మోకాళ్ళ సంగతి ఒక్కడు సోచాయించలే," అంది అక్తర్ బీ. "నావి ఖలాస్."

గులాబీ రంగు మసీదు కనబడగానే మాత్రం ఆమె అందరికంటే ముందు నడిచింది. తలుపుకి తాళం వేసి ఉంది. మెట్టు మీద చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుని వచ్చింది. ఉమామహేశ్వరి గోడలు చూసింది, పేర్లు చదివింది, తేదీలు మనసులో సరిచూసుకుంది. పంతొమ్మిదేళ్ళ అలవాటు. అన్నీ పాఠంలో ఉన్నట్టే ఉన్నాయి. ఆమెకి ఏమీ అనిపించలేదు.

చివరికి గైడు పాత చిన్న రేవు దగ్గరికి తీసుకెళ్ళాడు. గట్టు మీద మూడు గాలిమరలు. రేవు నోటికి చెరో వైపున ఒక్కో రాతి స్తంభం, వాటి మీద కంచు జింక బొమ్మలు. మధ్యలో నీళ్ళు. ఒక చేపల పడవ వాటి మధ్య నుంచి లోపలికి వస్తోంది.

"విగ్రహం ఇక్కడుండేదని అందరూ అంటారు," అన్నాడు గైడు ఇంగ్లీషులో. "ఊళ్ళో కొండ మీద ఉండేదని అనేవాళ్ళూ ఉన్నారు. నిజంగా ఎక్కడుందో, ఎలా నిలబడిందో ఎవరికీ తెలియదు. చూసి గీసిన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు."

ఉమామహేశ్వరి క్లాసులో పిల్లలా చెయ్యెత్తింది. "కాళ్ళు చాపి నిలబడలేదని మాత్రం తెలుసు కదా?"

"అంత కంచు అలా నిలబడదని చదువుకున్నవాళ్ళు లెక్కవేసి చెబుతారు. వాళ్ళదే సరై ఉండొచ్చు. కాని చూసినవాళ్ళెవరూ లేరు, మేడమ్."

"మరి పుస్తకాల్లో అంత గట్టిగా రాస్తారే?"

ముసలాయన నవ్వాడు. "పుస్తకాలు ఏదో ఒకటి రాయాలి కదా."

ఆమె గట్టు అంచున కూర్చుండిపోయింది. పన్నెండేళ్ళ పిల్లవాడు కాగితపు పడవని సరిగ్గా ఆ చేపల పడవ ఉన్నచోటే అతికించాడు. చూసి వచ్చినదానిలా అందరి ముందూ తప్పని చెప్పింది తను. ఎండ నెత్తిన పడుతున్నా లేవలేదు.

అక్తర్ బీ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పి ఇచ్చింది. "తాగమ్మా. మీ సాబ్ మొదలే చెప్పిండు, మా ఆమె నీళ్ళు తాగుడు మర్చిపోతది, జర చూస్తుండుండ్రి అని."

"పొద్దున చెప్పారా?"

"పొద్దున ఎక్కడ? ఓడ ఎక్కిన నాడే. రోడ్స్‌ల నేను దిగను అక్తర్ బీ, ఆమెని మీతోని తిప్పుండ్రి అన్నడు. నేను కాళ్ళ నొప్పులేమో అనుకున్న. గా వీసా ముచ్చట నాకేమెరుక?"

సీసా ఉమామహేశ్వరి చేతిలో ఆగిపోయింది. రేవుకి ఆవల, కోట గోడ మీదుగా ఓడ పై అంతస్తులు కనబడుతున్నాయి. రెయిలింగ్ దగ్గర తెల్ల చొక్కా ఒకటి నిలబడి ఉంది. అంత దూరం నుంచి అది ఎవరిదని చెప్పడానికి లేదు. ఆమెకి మాత్రం అనుమానం లేదు.

*

మూర్తి డెక్ మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన ముట్టని టీ. ఆమె చేతిసంచి కింద పెట్టకుండానే అడిగింది.

"నాకు ఎన్నిసార్లయినా, మీకు ఒక్కసారే. ఫారం నింపిందెవరు?"

"నేనే."

"పొరపాటా?"

ఆయన టీ కప్పు పక్కకి జరిపాడు. "కాదు."

"అయితే పొద్దున నేను అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నారు?"

"వాడు చూడాలనుకున్న ఊరు ఇది ఒక్కటే, ఉమా. పక్కన నేనుంటే నువ్వు నామీద కోపంతో తిరుగుతావు. ఇంట్లో రోజూ చూస్తున్నదే. కాస్‌లోనూ చూశాను. నేను ఎటు ఉంటే దానికి రెండో వైపే చూశావు, ఒక్క గోడ నీ కంటికి ఆనలేదు. ఇక్కడైనా నువ్వు వాడితో తిరగాలనుకున్నాను."

"ఎవరడిగారు మిమ్మల్ని?" ఆమె గొంతు లేచింది. పక్క కుర్చీలోవాళ్ళు తలతిప్పి చూశారు. "నామీద దయ చూపించమని ఎవరడిగారు? మీరసలు వాణ్ణి ఆ ఖోర్ ఫక్కాన్..."

వాక్యం అక్కడ ఆగింది. ఎన్నోసార్లు పూర్తిగా అన్న మాటే. ఈసారి నోరు రాలేదు. ఆమె కుర్చీలో కూలబడింది.

"అనండి," అంది. "ఒక్కసారైనా అనండి."

"ఏమని?"

"నేనే అన్నానని. పద్దెనిమిది నిండాయి, మగపిల్లాడు ఇంక తండ్రి వీసా మీద ఊరికే ఉండడానికి లేదు, హైదరాబాదులో సీటొచ్చింది పంపేద్దామని మీరన్నారు. హాస్టల్ గది కూడా మాట్లాడారు. రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చింది నేను. ఏదో ఒక ఉద్యోగం వీసా మీదైనా వాణ్ణి నా కళ్ళముందు ఉంచండి అన్నది నేను."

మూర్తి సముద్రం వైపు చూస్తున్నాడు.

"దినాలప్పుడు మా అన్నయ్య అడిగాడు, ఆ ఉద్యోగం ఎవరు పెట్టించారని. మీరు 'నేనే' అన్నారు. నేను అక్కడే కూర్చునున్నాను. నోరు విప్పలేదు."

"పెట్టించింది నేనే కదా. అబద్ధం చెప్పలేదు."

"నిజమూ చెప్పలేదు."

"నువ్వు అప్పుడు నిలబడే స్థితిలో లేవు. నన్ను తిట్టుకుంటే అయినా లేచి నాలుగు మెతుకులు తింటావనిపించింది. తిన్నావు. స్కూలుకి వెళ్ళావు. నెల తర్వాత చెబుదామనుకున్నాను. అప్పటికి నువ్వు నిజంగానే నమ్మేశావు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నాకు కోపం రాలేదనుకోకు. వచ్చింది. నువ్వు బల్ల మీద గ్లాసు పెట్టి వెళ్ళిపోయినప్పుడల్లా నోటిదాకా వచ్చేది. కాఫీతో పాటు మింగేవాణ్ణి."

"మీ మంచితనంతో నన్ను రెండున్నరేళ్ళు అబద్ధంలో ఉంచారు. నేను దాన్ని నిజమని పట్టుకుని మీ నుంచి వెళ్ళిపోబోతున్నాను. ఎవరికి మేలు జరిగింది?"

"ఎవరికీ జరగలేదు," అన్నాడు మూర్తి.

ఓడ కూత వేసింది. కోట గోడ మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. ఉమామహేశ్వరి కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. కొడుకు పోయిన రోజు ఏడ్చినట్టు కాదు. అప్పుడు పదిమంది పట్టుకున్నారు. ఇప్పుడు ఎవరూ పట్టుకోలేదు. మూర్తి చెయ్యి చాపి, తాకడానికి అనుమతి ఉందో లేదో తెలియక, ఆమె కుర్చీ చేతి మీద పెట్టి ఊరుకున్నాడు.

కళ్ళు తుడుచుకున్నాక ఆమె అంది, "వాడికి రెండు మార్కులు తీసేశాను. ఎవరికీ తెలియదట, అదెలా నిలబడిందో."

"మార్కుల సంగతి తెలుసు. నాతో చెప్పాడు. అమ్మ ఇస్తానంది నాన్నా అని చెప్పాడు."

*

ఇల్లు చేరిన మర్నాడు కూడా ఆమెకి ఐదింటికే మెలకువ వచ్చింది. అబ్రాల చప్పుడు, తేమ, డికాక్షన్. కాఫీ రెండు గ్లాసుల్లో పోసి బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మూర్తి అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఆ కాగితం ఉంది. పేర్లు, నంబర్లు అన్నీ ఆయన గుండ్రటి అక్షరాల్లో నింపి ఉన్నాయి. కింద సంతకం ఉంది.

"మాట ఇచ్చాను కదా," అన్నాడు. "ఒక్క గడి వదిలేశాను. రద్దుకి కారణం అన్నచోట ఏం రాయాలో తెలియలేదు."

పాతికేళ్ళలో ఆయన ఖాళీ గడితో వదిలిన కాగితం ఆమె చూడలేదు. చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. అక్కకి మాటిచ్చింది. ఆ వాటాకి తాళాలు తీసుకోవాలి. ఈ ఇంట్లో వాడి గది తలుపు రోజూ దాటుకుని వంటింట్లోకి వెళ్ళడం ఇక తన వల్ల కాదు. ఓడలో మాట్లాడుకున్నదానితో అది మారలేదు.

"నేను వెళ్తాను," అంది.

"వెళ్ళు. ఇది ఇప్పుడు ఇవ్వకపోయినా వెళ్ళొచ్చు. ఆరు నెలలు, అంటే నూట ఎనభై రోజులు, దాటకుండా ఒక్కసారి వచ్చిపోతే వీసా బతికే ఉంటుంది."

"ఆరు నెలలంటే ఎప్పటికి?"

ఆలోచించకుండానే చెప్పాడు. "జనవరి ఇరవై నాలుగు లోపల."

అంటే ముందే లెక్కపెట్టుకున్నాడు. ఉమామహేశ్వరి కాగితాన్ని నాలుగుగా మడిచి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. చింపలేదు. పెన్ను తీసుకుని గోడ మీది కేలండరు దగ్గరికి వెళ్ళి పేజీలు ఎత్తింది. డిసెంబరుతో అయిపోయింది. జనవరికి చోటు లేదు. ఆఖరి పేజీ అడుగున, బట్టల దుకాణం పేరు కింద మిగిలిన తెల్లటి జాగాలో ఆ తేదీ రాసింది.

"కొత్త కేలండరు వచ్చాక దీన్ని అందులోకి ఎక్కించండి."

"ఎక్కిస్తాను."

"మర్చిపోకండి," అని, ఒక క్షణం ఆగి, "కాఫీ చల్లారిపోతోంది, తాగండి," అంది.

మూర్తి గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె తన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళలేదు. ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.